అత్తరు ఎంత పూసుకోవాలి

మా తమ్ముడికి కుదిరిన సంబంధం చందాపుర వాళ్లది. పిల్ల బాగుంది, ఉద్యోగం బాగుంది. మా తమ్ముణ్ణి చేసుకుంటానని తనంతట తానే అన్నది కాబట్టి తెలివి సంగతి మేం ఎక్కువగా విచారించలేదు. ఆ పిల్ల పెట్టిన షరతు ఒక్కటే. వాళ్లమ్మకు ఉబ్బసం. ఘాటు వాసన తగిలితే ఊపిరి ఆడదు. "మా అమ్మ వచ్చి కూర్చోలేని ఇంట్లో నేను కాపురం చెయ్యలేను" అని మా తమ్ముడితో చెప్పింది. వాడు ఆ మాట నా చెవిన వేసి, నాయనతో నువ్వే చెప్పు అని చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది అనుకోవచ్చు. మా ఇల్లు తెలియనివాళ్లు అలాగే అనుకుంటారు.

మాది నగర్తపేట. మా నాయన అక్కడ సుగంధ ద్రవ్యాల కొట్టు నడిపాడు. అత్తర్లు, పన్నీరు, గంధపు నూనె, ఊదుబత్తీలు చేసేవాళ్లకు కావలసిన తైలాలు. కరోనా తర్వాత, ఒంట్లో ఓపిక లేదని కొట్టును మా చిన్నాయన కొడుక్కు అప్పజెప్పాడు. సరుకులో సగం మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. మా ఇంట్లో పుస్తకాలు పెట్టాల్సిన అరల్లో సీసాలుంటాయి. మా ఇంటి పిల్లికి కూడా మల్లెపూల వాసన వస్తుంది, అది మాత్రం ఎందుకో ఎక్కువ రోజులు మా దగ్గర ఉండలేదు.

మా వాళ్లలో శుభకార్యానికి వచ్చినవాళ్లను ఊరికే లోపలికి రమ్మనరు. గడప దగ్గరే పన్నీరు చల్లాలి, చేతికి గంధం రాయాలి. ఆ తర్వాతే కూర్చోమనడం. పేటలో మావాళ్ల ఇళ్లల్లో ఎవరి పెళ్లయినా వెండి పన్నీరు బుడ్డి పట్టుకుని వాకిట్లో నిలబడేది మా నాయనే. కొట్లో దొరికే పన్నీరు ఆయన దృష్టిలో పన్నీరు కాదు. అందులో రోజా అత్తరు చుక్కలు వేసి, బాగా ఊపి, మూత తీసి వాసన చూసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, మళ్లీ ఒక చుక్క వేస్తాడు. ఎన్ని చుక్కలో ఆయన ముక్కు చెప్పాలి. అడిగితే మనకు చెప్పడు.

కొన్నాళ్లుగా ఆ ముక్కు మరీ ఎక్కువ చుక్కలు చెబుతోంది. బుడ్డి సంగతి పక్కన పెడితే, ఆయన ఒంటి మీద పూసుకునేదే భరించడం కష్టమైంది. మణికట్టుకు, మెడకు, చొక్కా చేతులకు, జేబురుమాలుకు, అది చాలక చెవి మడతలో అత్తరులో ముంచిన దూది. ఒకసారి ఆయనను కళ్ల డాక్టరుకు చూపించడానికి నాతోపాటు కాడుగోడి తీసుకెళ్లాను, మా ఆఫీసు అక్కడే. మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కినప్పుడు కాలు పెట్టే సందు లేదు. ఇందిరానగర్ దాటేసరికి మా ఇద్దరి చుట్టూ ముగ్గు వేసుకునేంత చోటు వచ్చింది. నాయన హాయిగా కాళ్లు చాపుకుని, "ఈ రైలు బాగుండాదే, ఎవురూ తోసుకునేది లేదు" అన్నాడు.

నేను ఆఫీసులో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతాను. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది, జీతం మాత్రం ఆఫీసులోనే ఇస్తారు. పొద్దున్నే నాయన తయారై హాల్లోకి రాగానే నా ముక్కు ముడుచుకునేది, నోరు తెరుచుకునేది. "ఏంది నాయనా ఇది, చంపేస్తావా మమ్మల్ని?" అని మొదలుపెట్టేదాన్ని. ఆయన నా తిట్లు చివరిదాకా విని, తృప్తిగా తల ఆడించి, బయటికి వెళ్లేవాడు. ఆ తృప్తి చూస్తే నాకు ఇంకా మండేది.

అలాంటి మనిషికి పిల్ల షరతు చెప్పాలి. రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"అయితే నన్ను పన్నీరు చల్లొద్దంటారా?"

"చల్లొద్దని ఎవరూ అనలేదు. ఘాటు వద్దంటున్నారు."

"ఘాటు ఎవురు చల్తారు? నేనేమన్నా మిరపపొడి చల్తా ఉండానా?"

"పోనీ ఈ ఒక్కసారికి పన్నీరు లేకుండా కానిద్దాం నాయనా. గంధం ఒక్కటి రాద్దాం."

ఆయన కలిపిన ముద్దను కంచం అంచుకు నెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "పన్నీరు లేకుంటే వాకిట్లో నాకేం పని పాపా? వచ్చినోళ్ల చెప్పులు చూసుకుంటా నిలబడాల్నా?"

కొట్టు వదిలేసినప్పటి నుంచి ఆయనకు పేటలో మిగిలిన పని అదొక్కటే. సొంత కొడుకు నిశ్చితార్థంలో ఆ పని కూడా లేకుండా చెయ్యడానికి నాకు నోరు రాలేదు. పిల్ల తల్లికి ఊపిరి ఆడాలి, మా నాయన గడప దగ్గర నిలబడాలి. ఈ రెండూ ఒకే రోజు, ఒకే వాకిట్లో జరగాలి. తగిన గాఢత దొరికితే చాలు, అన్నీ సర్దుకుంటాయని నేను తేల్చేశాను. ఏ సమస్యకైనా ముందు కొంచెం చదివేస్తే సరిపోతుందని నా నమ్మకం. చదివినవాళ్లకు ఉండే జబ్బే అది.

ఆదివారం నాయనను ఒక మాల్‌కు తీసుకెళ్లాను. సెంట్ల కౌంటర్ దగ్గర నల్లకోటు వేసుకున్న అమ్మాయి మా మాట విని తెలుగులోకి వచ్చింది. "మేడమ్, ఫస్ట్ మీరు స్ట్రెంగ్త్ డిసైడ్ అవ్వాలి, ఫ్రాగ్రెన్స్ తర్వాత" అని మొదలుపెట్టి, వరుసగా సీసాలు పేర్చింది. ఆమె చెప్పింది మా ఇంటి భాషలో చెప్పాలంటే కాఫీ లాంటిది. పర్ఫ్యూమ్ అని మాత్రమే రాసివున్నది మొదటి డికాక్షన్. అందులో నూనె వంతు అన్నిటికంటే ఎక్కువ, ఒకటి రెండు చుక్కలు చాలు, రోజంతా ఉంటుంది. ఓ డ పర్ఫ్యూమ్ కొంచెం పాలు కలిపినట్టు, పెళ్లికీ సాయంత్రం విందుకూ పనికొస్తుంది. ఓ డ టాయిలెట్ ఇంకా పలచన, ఆఫీసుకు చాలు, మధ్యాహ్నానికి సెలవు తీసుకుంటుంది. కొలోన్ అనేది వాడేసిన పొడిలో మళ్లీ వేణ్నీళ్లు పోసి దించినది. ఆ కాసేపు ప్రాణం లేచి వస్తుంది, ఆ తర్వాత పూసుకున్న సంగతి మనమే గుర్తుపెట్టుకోవాలి.

"సీసా మీద టాయిలెట్ అని రాసినదాన్ని పెళ్లోళ్ల మీద చల్లను" అన్నాడు నాయన. ఆ విధంగా ఒక రకం తగ్గింది.

నేను మాత్రం ఆ అమ్మాయిని పట్టి పట్టి అడిగాను. కాగితం ముక్క మీద వాసన చూసి కొనకూడదట. చేతి మీద వేసుకుని, కాసేపు అటూ ఇటూ తిరిగి రావాలట. మొదట ఎగిరి వచ్చే వాసన మనల్ని మోసం చెయ్యడానికే ఉంటుంది. అది పోయాక చర్మం మీద మిగిలిందే మనం రోజూ వెంటపెట్టుకు తిరగాల్సింది. మూసిన ఏసీ గదికి ఒక మెట్టు పలచన తీసుకోవాలి. ఒళ్లు పొడిబారినవాళ్లకు త్వరగా పోతుంది, కొబ్బరినూనె పట్టించినవాళ్లకు నిలుస్తుంది.

"అత్తరులో స్పిరిట్ ఉండదమ్మా" అని నాయన అందుకున్నాడు. "ఈ సెంట్లన్నీ స్పిరిట్‌తో ఎగురుతాయి, వీధి చివరిదాకా అరుస్తాయి, ఆపైన చస్తాయి. అత్తరు అరవదు. ఒంటికి అంటుకుని ఉంటాది. పక్కన కూర్చున్నోళ్లకే తెలియాల."

"ఎంత పూసుకుంటే?" అన్నాను నేను.

ఆయన ఆ ప్రశ్న వినిపించనట్టు ఇంకో సీసా అందుకున్నాడు.

అమ్మాయి ఇచ్చిన ప్రతి కాగితం ముక్కనూ నాయన ముందు నా ముక్కు దగ్గర పెట్టాడు. నా మీద గౌరవం పెరిగిందనుకున్నాను. "నిమ్మకాయలా ఉంది" అంటే, ఆ తర్వాత తను కళ్లు మూసుకుని పీల్చి, "నిమ్మే. అడుగున సొల్ప, రవంత గంధం ఉండాది" అన్నాడు. "ఎగ్జాక్ట్లీ సర్! బేస్‌లో శాండల్ ఉంది" అని ఆ అమ్మాయి మురిసిపోయింది. నాకూ కొంచెం గర్వం కలిగింది.

చివర్లో ఆ అమ్మాయి ఇంకో మాట చెప్పింది. "రోజూ వాడేవాళ్లకి వాళ్ల స్మెల్ వాళ్లకి తెలియదు మేడమ్. ముక్కు అలవాటు పడిపోతుంది. అందుకే చాలామంది ఓవర్‌గా కొట్టేసుకుంటారు." నేను నాయన వైపు తిరిగి, విన్నావా అన్నట్టు చూశాను. ఆయన ఒక సీసా అట్టపెట్టెను వెనక్కి తిప్పి చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

అన్నిటికంటే పలచనైన కొలోన్ కొన్నాం. "ఈ దుడ్డుకు నిమ్మకాయలు కొనుంటే ఊరంతా పులిహోర పెట్టొచ్చు" అని నాయన దారిపొడుగునా అన్నాడు.

అప్పటి నుంచి ఇంట్లో నా చట్టం అమలైంది. అత్తరు సీసాలన్నీ మిద్దె మీద గదిలోకి ఎక్కాయి. నాయనకు కొలోన్, అది కూడా ఒక్క నొక్కు. చెవిలో దూది లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. పొద్దున ఆయన హాల్లోకి వస్తే నేను తల ఎత్తకుండా కాఫీ తాగగలిగాను. తిట్టడానికి ఏమీ లేకపోయింది.

ప్రశాంతంగా లేనిది నాయన ఒక్కడే. చొక్కా చెయ్యి నా ముఖం దగ్గరికి తెచ్చి, "ఉండాదా?" అనేవాడు.

"ఉంది."

"ఎంత ఉండాది?"

"ఉండాల్సినంత."

"ఉండాల్సినంత అంటే?"

నన్ను ఆటపట్టిస్తున్నాడని నేను ఫోన్ చూసుకునేదాన్ని. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. పేటలోకి వెళ్లడం కూడా తగ్గించాడు. కొలోన్ అంటే అలిగాడనుకున్నాను. అలిగితే అలగనీ, పెళ్లయ్యాక చూసుకుందాం అనుకున్నాను.

నిశ్చితార్థం మా ఇంట్లోనే. ముందురోజే కిటికీలన్నీ తెరిచిపెట్టి, కర్టెన్లు ఉతికి, ఊదుబత్తి కూడా వెలిగించకుండా ఇంటిని ఏ వాసనా లేని ఇల్లుగా చేశాను. మా వంశంలో అలాంటి ఇల్లు అదే మొదటిది. బుడ్డిలో కొట్లో కొన్న పన్నీరే పొయ్యాలి, అందులో ఏదీ కలపకూడదు అని నాయన చేత ఒప్పించాను. ఆయన సరేనన్నాడు. ఆయన అంత తేలిగ్గా సరేనన్నప్పుడే నేను అనుమానపడాల్సింది.

పొద్దున వంటింట్లోకి వెళితే ఆయన మూలన నిలబడి బుడ్డి ఊపుతున్నాడు. గట్టు మీద రోజా అత్తరు సీసా, మూత తీసి ఉంది, సగం ఖాళీ. నన్ను చూసి, "ఒక్క చుక్క పాపా, నా మర్యాదకు" అన్నాడు. ఆయన పంచె కట్టుకోవడానికి వెళ్లగానే నేను మూత తీసి చూశాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఉల్లిపాయ తరిగినప్పటికంటే ఎక్కువగా. ఆ నీళ్లు పిల్ల తల్లి మీద చల్లితే నిశ్చితార్థం ఆసుపత్రిలో పెట్టుకోవాలి.

ఇంకో పన్నీరు సీసా ఇంట్లో లేదు. వాకిట్లో అప్పటికే కారు ఆగిన చప్పుడైంది. ఉన్నదంతా తొట్టిలో పారబోసి, బుడ్డిని సబ్బు పెట్టి కడిగి, ఫిల్టర్ దగ్గర పట్టి నింపేశాను. మా ఊరి కుళాయిల్లో వచ్చే ఉత్త కావేరి నీళ్లు. పట్టుకెళ్లి నాయన చేతిలో పెట్టాను. గడప దాటకముందే ఆయనకు సంగతి తెలిసిపోతుంది, ఉరిమి చూస్తాడు, పదిమంది ముందు ఏమీ అనలేడు, సాయంత్రం నా సంగతి చూస్తాడు. అంతవరకూ లెక్క వేసుకునే చేశాను.

పిల్ల తల్లి సన్నటి మనిషి. గడప దగ్గరికి వచ్చేటప్పటికే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చేతిసంచిలో పీల్చే మందు, ఎప్పుడు కావాలంటే అప్పుడు అందేట్టు జిప్పు తీసే ఉంది. పిల్ల వాళ్లమ్మ పక్కనే నిలబడి మమ్మల్నందర్నీ చూస్తోంది. నాయన బుడ్డి ఎత్తి చల్లాడు. ఆమె ఊపిరి బిగబట్టి కాసేపు నిలబడింది. తర్వాత కొంగు కొంచెం దించింది. ఇంకొంచెం దించింది. గట్టిగా ఊపిరి పీల్చి నవ్వింది.

"ఎంత మెత్తగా ఉండాదన్నా మీ పన్నీరు! నాకేమీ కాలేదు చూడండి" అన్నది నాయనతో.

"అసలు రోజా అంటే ఇట్లుండాల" అన్నాడు ఆమె భర్త, చొక్కా వాసన చూసుకుంటూ. వెనక వచ్చిన వాళ్ల బంధువులు కూడా వాసన చూసుకుని అవునవునన్నారు. మా పెద్దత్త అయితే ఇది మా వాళ్లు తరతరాలుగా చేసే పద్ధతి అని ఎవరికో వివరిస్తోంది. మంచి మర్యాదస్తులు. కావేరి నీళ్లకు అంత పేరు అంతకుముందు ఎన్నడూ రాలేదు.

నేను కుంకుమ పళ్లెం పట్టుకుని నాయన ఉరిమి చూసే చూపు కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన బుడ్డిని తన అరచేతిలోకి వంచుకున్నాడు. అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు పీల్చాడు. కళ్లు తెరిచి పిల్ల తండ్రితో అన్నాడు. "ముందు రోజా వస్తాది. అది పోయినాక అడుగున గంధం. సాయంత్రందాకా నిలబడుతాది చూడండి."

మా నాయన అబద్ధం చెప్పేటప్పుడు ఇంటికప్పు వైపు చూస్తాడు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. అప్పుడాయన కప్పు వైపు చూడలేదు. కొట్లో కూర్చుని బేరగాడికి సరుకు గురించి చెప్పేటప్పటి ముఖం అది. ఆ అరచేతిలో పన్నీరు ఉందనే ఆయన నమ్మకం.

పళ్లెం పక్కవాళ్ల చేతిలో పెట్టేశాను. కరోనా వచ్చినప్పుడు ఇంట్లో మా అందరికీ వాసన పోయింది. ఆయన ఒక్కడూ, "నా ముక్కుకేమైతాది?" అని వంటింటి డబ్బాలు వరుసగా వాసన చూసి, కాఫీపొడి, ఇంగువ, కర్పూరం అని ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. మేం చప్పట్లు కొట్టాం. ఆ డబ్బాల మీద కాలం చేసిన మా అమ్మ చేతిరాతతో పేర్లు అంటించి ఉండేవని ఎవరికీ తట్టలేదు. మాల్‌లో కాగితం ముక్కలు ముందు నా ముక్కు దగ్గర ఎందుకు పెట్టాడో కూడా నాకు ఆ వాకిట్లోనే తెలిసింది. అడుగున గంధం లేని సెంటు లోకంలో ఎక్కడుంది?

కార్యం బాగా జరిగింది. పిల్ల తల్లి భోజనం చేసి, మా హాల్లో సోఫా మీద కాసేపు కునుకు కూడా తీసింది. పిల్ల ఆమెను చూసి, తర్వాత మా తమ్ముణ్ణి చూసి నవ్వింది. పెళ్లి ఖాయం.

అందరూ వెళ్లాక నేను వంటింట్లో వెండి సామాను కడుగుతున్నాను. నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. బుడ్డి నా చేతిలోనే ఉంది.

"నాయనా, ఇందులో నేను పోసింది నీళ్లు."

ఆయన బుడ్డిలోకి తొంగి చూశాడు. "సుమ్నే నీళ్లా? ఉత్త నీళ్లా?"

"ఫిల్టర్ నీళ్లు."

"ఆయమ్మకు ఏమీ కాలేదు కదా?"

"కాలేదు."

"అయితే మంచిదే."

కడిగిన గ్లాసులు తీసుకుని ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. నేను అడగకుండానే చెప్పాడు. "ఆ జొరంలో పోయింది. మీకందరికీ తిరిగొచ్చింది. నాకూ వస్తాదని చూస్తి. రాలేదు."

"కొట్టు అందుకే ఇచ్చేసినావా?"

"ముక్కు లేనోడికి ఆ కొట్లో ఏం పని?"

"మాకు చెప్పుండొచ్చు కదా నాయనా."

"ఏమని చెప్పేది? పేటలో నాకుండేది ఆ ఒక్క పేరు."

నేను బుడ్డిని పంపు కింద పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఒక్క సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. "మరి వాసనే తెలియనప్పుడు అంతంత అత్తరు ఎందుకు పూసుకుంటా ఉంటివి?"

ఆయన నన్ను వింతగా చూశాడు. ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "ఎంత పూసుకుంటే చాలో నాకెట్లా తెలుస్తాది పాపా? నువ్వు తిట్టేదాకా పూసుకుంటా ఉంటి. నువ్వు తిడితే వాసన ఉండాదని అర్థం." గ్లాసు బోర్లించి, ఇంకోటి తీసుకున్నాడు. "ఆ కొలోను కొన్నాక నువ్వు తిట్టేదే మానేస్తివి. నాకు ఇంట్లో వాసనే లేకుండా పోయింది."

నాకు ఏడుపొచ్చింది. నిలబడిన చోటే ఏడ్చాను. నాయన చెయ్యి చాపి పంపు కట్టేశాడు, నీళ్లు ఊరికే పోతున్నాయని.

ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. పెళ్లిలో బుడ్డి పట్టుకునేది నాయనే, చుక్కలు వేసేది నాయనే, ఊపేది నాయనే. మూత తీసి చూసి చాలు అనేది నేను. ఈ సంగతి పేటలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మర్నాడు పొద్దున మిద్దె మీద నుంచి రోజా అత్తరు సీసా ఒకటి కిందికి తెచ్చాను. ఆయన మణికట్టు మీద ఒక్క చుక్క వేసి, రెండో మణికట్టుతో రుద్ది, వాసన చూశాను. ఆయన మాల్‌లో అమ్మాయితో చెప్పినట్టే, అది అరవలేదు. దగ్గర నిలబడినవాళ్లకు మాత్రమే తెలిసేంత ఉంది. సరిగ్గా సరిపోయింది. "చాలు నాయనా" అన్నాను. ఆయన చెవి మడతలో దూది సర్దుకుని, చాలా రోజుల తర్వాత పేటలోకి బయలుదేరాడు.

గడప దాకా వెళ్లి ఆగాడు. చెప్పులు వేసుకున్నాడు, కానీ కదల్లేదు. నా వైపు తిరిగి చూస్తూ నిలబడ్డాడు. ఏదైనా మర్చిపోయాడేమోనని కళ్లజోడు ఉందో లేదో చూశాను. ఉంది. ఫోను ఉంది. అప్పటికి గానీ నాకు వెలగలేదు.

ముక్కు బాగా ముడిచాను. "ఏంది నాయనా ఇది, చంపేస్తావా మమ్మల్ని? వీధిలో జనం ఇళ్లు ఖాళీ చేసి పోతారు!" అని గట్టిగా అరిచాను.

ఆయన చివరిదాకా విని, తృప్తిగా తల ఆడించి, బయటికి వెళ్లాడు.